పాలధార మీద లేని గుట్ట

శ్రీరాంపూర్ కాలనీలో ఆ మాటను నమ్మనివారు లేరు. గని కార్మికుడు రాజలింగు పరాయి ఆడమనిషిని వెంటబెట్టుకుని లేచిపోయాడు. మొదటి షిఫ్టు దిగివచ్చేవాళ్లు, నల్లా దగ్గర బిందెలు వరసపెట్టినవాళ్లు, చివరికి రాజలింగు సొంత బావమరిది కూడా దాన్ని తేలిపోయిన సంగతిగానే మాట్లాడుతున్నారు. ఆ ఆడమనిషిది చంద్రాపూరా, బల్లార్షానా అన్న దగ్గర మాత్రమే ఇంకా భేదాభిప్రాయాలు మిగిలాయి.

వాళ్లను తప్పుపట్టడానికి లేదు. వాళ్లు నమ్మింది గాలిమాటను కాదు, ఫొటోను.

ఆ ఫొటో ఇప్పుడు డిటెక్టివ్ సరళాదేవి చేతిలో ఉంది. తెల్లగా దూకుతున్న జలపాతం. దాని వెనుక మబ్బుల్లోకి తల దూర్చిన నీలపు గుట్ట. ముందు బండమీద నిలబడి చిన్నగా నవ్వుతున్న రాజలింగు. అతని ఎడమ మోచేతిని ఆనుకుని ఎవరిదో ఆకుపచ్చ చీరకొంగు, రెండు గాజులు. అంతకు మించి ఆమె లేదు. ఫొటో అక్కడితో అయిపోయింది. మూడు వైపులా తెల్లటి అంచు సమంగా ఉంది. ఆడమనిషి ఉండవలసిన నాలుగోవైపు అంచు లేదు. ఎవరో కత్తెర వేశారు.

హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో ఇరవై ఏళ్లపాటు ఫొటోలు పరీక్షించి, స్వచ్ఛందంగా విరమించి కరీంనగర్‌లో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన సరళాదేవికి జాతకాలమీద ఎంత అపనమ్మకమో ఫొటోల మీద కూడా అంతే అపనమ్మకం. ఆమె ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్న దుర్గవ్వకు ఆ అపనమ్మకపు ఓదార్పు కూడా లేదు. రాజలింగు ఆమె భర్త.

జరిగింది క్లుప్తంగా ఇదీ. కిందటి శుక్రవారం పొద్దున రాజలింగు, సాయంత్రానికల్లా వస్తానని చెప్పి ఇల్లు విడిచాడు. ఎక్కడికో చెప్పలేదు. మర్నాడు అతను విచారణ అధికారి ముందు వాంగ్మూలం ఇవ్వవలసి ఉంది. కాంట్రాక్టర్ ఉపేందర్‌రావు మట్టిక్వారీలో గట్టు కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు; గట్టు పగుళ్లు విచ్చిన తరువాత కూడా దాని కింద తవ్వించింది ఉపేందర్‌రావేనని చెప్పగల సాక్షి, అటువైపుగా డ్యూటీ నుంచి వస్తూ చూసిన రాజలింగు ఒక్కడే. శనివారం వచ్చింది, రాజలింగు రాలేదు. మంగళవారం ఉపేందర్‌రావే స్వయంగా పోలీస్ స్టేషన్‌కు వచ్చి ఈ ఫొటో ఇచ్చాడు. ఆదివారం తన డ్రైవర్ మొండయ్య ఖానాపూర్ అవతల పాలధార జలపాతం దగ్గర రాజలింగును చూశాడనీ, ఎందుకైనా మంచిదని కెమెరాతో తీశాడనీ చెప్పాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దామోదర్‌రావు దాన్ని ఫైల్లో పెట్టుకుని, దానికి ఒక నకలు చేయించి, ‘ఇష్టపూర్వకంగా వెళ్లిపోయాడు’ అని రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. అతను ఆ ఒక్క వాక్యం రాస్తే రాజలింగును వెతికేవాడుండడు. క్వారీ కేసులో సాక్షి ఉండడు. దుర్గవ్వ మొగుడు వదిలేసిన మనిషిగా బతకవలసి ఉంటుంది. సరళాదేవి ఎంతో బతిమాలితే, సీఐ అసలు ఫొటోను రెండు రోజుల కోసం చూడనిచ్చాడు.

“చీర సంగతి పక్కకు పెట్టు దుర్గవ్వా. మీ ఆయన ముఖం చూడు. ఏమన్న తేడా కనవడుతుందా?”

దుర్గవ్వ ఫొటో ముట్టుకోలేదు. మెడ మాత్రం ముందుకు చాచింది. “పచ్చచీర నేను జన్మల కట్టలేదమ్మా, గా చీర ఎవరిదో నాకు తెల్వదు. కని గీ ముఖం మీద బొగ్గుమచ్చ లేదు.”

గనిలో దెబ్బ తగిలి తెగినచోట బొగ్గుపొడి లోపలే ఉండిపోయి పైన తోలు మూసుకుంటే, ఆ గీత పచ్చబొట్టులా నీలంగా మారి మనిషితోపాటే ఉంటుంది. రాజలింగు కుడి కనుబొమ్మ మీద అలాంటి గీత ఒకటి ఉంది. ఫొటోలో ఆ కనుబొమ్మ పసిపిల్లవాడి చర్మంలా నున్నగా ఉంది.

“ఈ ముచ్చట సీఐ సారుకు చెప్పినవా?”

“చెప్పిన. మొగుడే పోయినంక మచ్చేం చేసుకుంటవన్నడు.”

*

దామోదర్‌రావు లంచగొండి కాడు. సోమరి కూడా కాడు. కంటికి కనిపించినదాన్ని మించిన సాక్ష్యం లేదని నమ్మే పాతకాలపు అధికారి. సరళాదేవిని వెనుకనుంచి ‘ల్యాబ్ మేడం’ అని వెక్కిరిస్తాడని ఆమెకు తెలుసు. అయినా గురువారం పొద్దున ఆమె పిలిస్తే జీపు తీసుకుని పాలధార దాకా వచ్చాడు, మొండయ్యను వెనకసీట్లో కూర్చోబెట్టుకుని.

అడవి దారి దిగి మలుపు తిరగ్గానే మాట్లాడుకోవడం కష్టమైంది. పైనుంచి పడుతున్న నీటి మోత చెవులను కాదు, ముందు ఛాతీని తాకింది. సరళాదేవి కాసేపు వచ్చిన పని మరిచి నిలబడిపోయింది. ఆ నీళ్లను ఎవరూ చూడనవసరం లేదు, ఎవరూ మొక్కనవసరం లేదు; ఉత్త బరువుకే అంత అందం ఎక్కడినుంచి వచ్చిందా అనుకుంది.

“మొండయ్యా, ఫొటో తీసినప్పుడు నువ్వు ఏడ నిలవడ్డవు?”

మొండయ్య అటూ ఇటూ చూసి, ఒక చదునైన బండ ఎక్కాడు. రాజలింగు నిలబడ్డది ధారకు దగ్గరగా ఉన్న ఇంకో బండ మీదనని చేయి చాచి చూపించాడు.

సరళాదేవి దామోదర్‌రావు వైపు తిరిగింది. “సార్, జర ఆ బండ మీద ఒక్క నిమిషం నిలవడి వస్తరా?”

ఇదేదో పరాచికమన్నట్లు మీసం సవరించుకుంటూ వెళ్లాడు ఆయన. బండ ఎక్కీ ఎక్కకముందే తుంపర్లు తెరలా వచ్చి కప్పాయి. తిరిగి వచ్చేసరికి ఖాకీచొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది; టోపీ అంచునుంచి నీళ్లు కారుతున్నాయి.

“ఎంతసేపున్నరు సార్?”

“సేపెక్కడిది మేడం. గిట్ల పోయిన, గట్ల వచ్చిన.”

ఆమె ఫొటో ఎత్తి చూపింది. రాజలింగు తెల్లచొక్కా చేతి మీద ఇస్త్రీ మడత కత్తిగీతలా నిలిచి ఉంది. జుట్టు పొడిగా, నూనె మెరుపుతో ఉంది. ఆదివారం నీళ్లు తక్కువగా ఉన్నాయని మొండయ్య గొణిగాడు. ఫొటోలో ఇంతకన్నా ఎక్కువ నీళ్లే దూకుతున్నాయని ఆమె చూపిస్తే, అప్పుడే బండ ఎక్కి ఉంటాడని దామోదర్‌రావు అడ్డువచ్చాడు. ఆమె మొండయ్య నిలబడ్డ చోటికి తనూ ఎక్కి, ఫొటోను చాచిన చేతితో ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, నీటిధారను నీటిధారతో కలిపింది. ధార కలిసింది. ఎడమవైపు వంగిన చెట్టు కలిసింది. నురుగు కిందికి దిగే మెట్లు కూడా కలిశాయి.

“ఇప్పుడు గుట్ట చూపియ్యి మొండయ్యా.”

“ఏ గుట్టమ్మా?”

“నువ్వు తీసిన గుట్టే.”

మొండయ్య తలెత్తాడు. జలపాతం పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. వాన వెలిసి, కడిగినట్లున్న ఆకాశం. అందులో గుట్టను దాచగలిగినంత మబ్బు కాదుకదా, పిడికెడు మబ్బు కూడా లేదు. మొండయ్య ఆ రోజు మబ్బు పట్టిందని మొదలుపెట్టి, వాక్యం ఎటు తీసుకుపోవాలో తెలియక వదిలేశాడు.

దామోదర్‌రావు ఫొటో అందుకుని చాలాసేపు చూశాడు. తడిచేతులతో పట్టుకున్నానని గుర్తొచ్చి అంచులు మార్చుకున్నాడు. “గిది అతికిచ్చిన బొమ్మే అంటరా?” అన్నాడు ఎట్టకేలకు. “అతుకు నాకు కనవడతలేదు మేడం. నీళ్లెనుక గుట్ట, గుట్ట మీద మబ్బు, ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి. గుట్టను పుట్టిచ్చేటోడు గీ రెండు జిల్లాల్ల ఎవడున్నడు?”

“నాకూ కనవడతలేదు సార్,” అంది సరళాదేవి. ఆ ఒప్పుకోలు ఆమె నోటినుంచి వచ్చేసరికి ఆయనే కాస్త తడబడ్డాడు.

“అయితే రేపు సాయంత్రం దాక చూస్త. ఆ మనిషిని తెచ్చి నా ముందర నిలవెట్టుండ్రి. లేకపోతే నేను రాసేది రాస్త.”

*

వెతకవలసిన చోటును ఆ లేని మచ్చే చెప్పింది. ముఖం మీది నీలపు గీతను చెరిపినవారెవరో దాన్ని ఫొటో మీద పడ్డ సిరామరకగా పొరబడి ఉండాలి. గనుల దగ్గర పుట్టిన ఏ మనిషీ ఆ పొరపాటు చేయడు; ప్రతి ఇంట్లో ఒక ముఖం మీద అలాంటిది ఉంటుంది. కనుక సరళాదేవి గనుల ఊళ్లను వదిలేసి నేరుగా కరీంనగర్ వచ్చింది. కంప్యూటర్‌తో ఫొటోలు దిద్దే స్టూడియోలు 1998 నాటికి అక్కడ వేళ్లమీద ఉన్నాయి. రెండింట్లో జరిగేది పెండ్లి ఆల్బముల పనే. మూడోదాని గోడ మీద హుజూరాబాద్ దంపతులు పట్టుబట్టల్లో మంచుకొండల మధ్య నిలబడి ఉన్నారు. వాళ్ల పాదాల కింద మంచు నలిగి ఉంది.

ఆమె దామోదర్‌రావుకు ఫోన్ చేసింది. ఏదో సమావేశానికని ఆయనా ఆ పొద్దున కరీంనగర్‌లోనే ఉన్నాడు.

వెనక గదిలో పనిచేసే లీలాబాయి ఆదిలాబాద్ మనిషి; అక్కడి మరాఠీ అలవాటున అక్కా అనడానికి ‘తాయీ’ అంటుంది. నలభై దాటిన వయసు, ముక్కుమీద జారే కళ్లద్దాలు. ఒకప్పుడు నలుపు తెలుపు ఫొటోలకు కుంచెతో రంగులు అద్దేది. హైదరాబాద్‌లో నెలరోజులు నేర్చుకుని వచ్చి ఇప్పుడు ఫొటోషాప్‌లో అద్దుతోంది. దామోదర్‌రావు ఫొటో ముందు పెట్టగానే ఆమె ముఖం విప్పారింది, మరుక్షణం ముడుచుకుంది.

“ఎవడు కోసిండు దీన్ని?”

“ముందుగాల నేనడిగినదానికి చెప్పు. గిది నువ్వు చేసినవా?”

“నేను కాకపోతే గీ ఊర్ల ఇంకెవరు చేస్తరు సార్? అతుకు కనుక్కోండ్రి చూద్దాం. కనుక్కుంటే గీ కుర్చీ మీకే ఇస్త.”

దామోదర్‌రావుకు ఆ కుర్చీ అక్కర్లేదు. మోసం చేశావని ఆమెను గద్దించబోయాడు. సరళాదేవి వారించింది. ఎవరు చేయించారు, ఎందుకు చేయించారన్నది తరువాత. ముందు అసలు ఫైలు తెరిచి అడుగునుంచి ఒక్కొక్క పొరా చూపించమంది. కంప్యూటర్ గుర్రుమంటూ నెమ్మదిగా తెరవసాగింది. ఫైలు తయారైన తేదీ శుక్రవారానికి ముందుదేనని తెర మీద కనబడగానే దామోదర్‌రావు పెదవి విరిచాడు. ఈ డబ్బాల గడియారాలు వాటి ఇష్టం వచ్చినట్లు తిరుగుతాయన్నాడు. నిజమేనని, తనకూ ఆ తేదీ మీద నమ్మకం లేదని సరళాదేవి అంది.

తెర మీద మొదట వచ్చింది బోసి జలపాతం. స్టూడియోకు వచ్చిన ఎవరో యాత్రికుడు తీసిన ఫొటో అది. లీలాబాయి మౌసు నొక్కగానే దాని వెనుక గుట్ట లేచింది.

“గిది ఏడిది?” అన్నాడు దామోదర్‌రావు.

“ఏడిది కాదు సార్. నేనే గీసిన. నీళ్ల మీద ఆకాశం బోడిగ ఉండె.”

సరళాదేవి తెరకు దగ్గరగా వంగింది. మొత్తం గుట్ట, దాని లోయలు, లోయల్లో నీడలు, నీడల్లో చెట్ల గుబుర్లు, అన్నీ మౌసుతో గీసినవే. ఇరవై ఏళ్ల పాటు అబద్ధపు ఫొటోలను పట్టుకున్న ఆమె కళ్లు అక్కడ ఒక గంట వెతికినా ఏమీ దొరకదని ఆమెకు అర్థమైంది.  దేవుడి ముందు ఎప్పుడూ కలగని వినయం ఒకటి ఆ చిన్న గాజుతెర ముందు కలిగింది.

ఎట్లా నేర్చుకున్నావని అడిగింది. ఆ ప్రశ్నకు లీలాబాయి గర్వం కొంచెం మెత్తబడింది. మొదటి ఏడాది తాను మనుషులను కత్తిరించి అతికిస్తే గోడకు కాగితం అంటించినట్లే ఉండేదట. అప్పుడు పొద్దున్నే మానేరు డ్యాం కట్ట మీదికి పోయి కూర్చోవడం మొదలుపెట్టిందట, ఊరికే చూడడానికి. దూరం పోయినకొద్దీ నలుపు నలుపుగా ఉండదనీ, ఆకాశం దాంట్లోకి దిగుతుందనీ అక్కడ తెలిసింది. ఏ వస్తువుకూ గీతలాంటి అంచు లేదని తెలిసింది.

“ఇంకొకటి తాయీ. పక్కనున్నది తన రంగు కొంత ఇయ్యకుండ ఉండదు. నీళ్ల కాడ నిలవడ్డ మనిషికి గదువ కింద నీడ ఉండదు, తెలుపుంటది. చూడు.”

రాజలింగు బండ మీదికి వచ్చి నిలబడ్డాడు. మొదట కత్తిరించి అంటించిన బొమ్మలా ఉన్నాడు. ఆమె ఇంకో పొర తెరిచింది. గడ్డం కింద పలుచని వెలుగు పాకింది. ఇంకో పొర; పాదాల మీద తుంపర ఒకటి తేలింది. చివరికి అన్నిటి మీదా ఒకే సన్నని గరుకు జల్లింది, వేరు వేరు కెమెరాల్లో పుట్టినవన్నీ ఒకే ఫిల్ము మీద పుట్టినట్లు. రాజలింగు పాలధార దగ్గర నిలబడి శ్వాస తీసుకుంటున్నాడు. దామోదర్‌రావు తనకు తెలియకుండానే టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

“అంగీ ఒక్కటి తడవాలె లీలాబాయీ,” అంది సరళాదేవి మెల్లగా. “అక్కడ నిలవడితే సీఐ సారు నిలువునా తడిసిండు.”

లీలాబాయి కళ్లద్దాలు తీసి ఆమెను చూసింది. “గట్లనా? నేనెన్నడు పోయిన తాయీ అక్కడికి.”

మచ్చ గురించి అడిగితే నిస్సంకోచంగా చెప్పింది. అతను ముందుగదిలో ఇచ్చిపోయిన ఫొటో మీద సిరా పడ్డదనుకుని తుడిచేసింది. బొమ్మ తీసుకుపోవడానికి వచ్చిననాడు చూస్తే ఆ నీలం అతని ముఖం మీదనే ఉంది. సిగ్గుపడి, మళ్లీ పెడతానంది. “వద్దు, ఫొటోలనన్న గా గని నన్ను ఇడిచిపెట్టనీ అన్నడు సార్. ఎంత నవ్విండో.”

సరళాదేవి ఇంతసేపూ ఎదురుచూసిన చోటికి మాట వచ్చింది. “తీస్కపోను అతనే వచ్చిండా?”

“అతనే. మొన్న పోయిన శుక్రారం, పగటేళ. ఒక్కటే కాపీ. ముడత పడొద్దని తువ్వాలల చుట్టుకొని, శ్రీరాంపూర్ బస్సుకు ఆలస్యమైతదని ఉరుకుడే ఉరికిండు.”

“ఇంకో కాపీ ఎవరికన్న ఇచ్చినవా?”

“ఎవరడిగిండ్రు ఇయ్యడానికి?”

 సరళాదేవి దామోదర్‌రావు చేతిలోని కోసిన ఫొటోను చూసింది, తరువాత ఆయన ముఖాన్ని చూసింది.  స్టూడియో ఇచ్చిన ఒకే ఒక్క కాపీ శుక్రవారం రాజలింగు తువ్వాలలో బస్సెక్కింది. మంగళవారం అది ఉపేందర్‌రావు చేతినుంచి స్టేషన్‌కు వచ్చింది. ఆదివారం డ్రైవర్ తీశాడన్నది పచ్చి అబద్ధం. మధ్యలో ఆ తువ్వాల విప్పినవాడు రాజలింగును చివరిసారి చూసినవాడు.

దామోదర్‌రావు ముందుగదిలోకి వెళ్లి శ్రీరాంపూర్ స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. గొంతు ఎప్పటిలాగా పెద్దగా లేదు. ఉపేందర్‌రావునూ మొండయ్యనూ స్టేషన్‌లో కూర్చోబెట్టమన్నాడు. కూలిన గట్టు దగ్గరికి మట్టి లారీ ఒక్కటి కూడా పోకుండా కాపలా పెట్టమన్నాడు. అవతలివాడు ఏదో చెప్పాడు. ఆయన వింటూ గోడకు చేయి ఆన్చాడు. పొద్దుటినుంచే అక్కడ మట్టి పోసి గుంట పూడుస్తున్నారట.

“ఆపుండ్రి. ఇప్పుడే ఆపుండ్రి,” అని ఫోన్ పెట్టి తిరిగి వచ్చాడు. జీపు తీయమని డ్రైవర్‌కు కబురంపి, గడపలోనే ఆగాడు. ఓడిపోయినా ఒక్క మెట్టు మిగుల్చుకోవాలని చూసే మనిషి. “మేడం, బొమ్మ కథ ఒప్పుకున్న. కని పక్కన ఆడమనిషి ఉన్నమాట నిజమే కద. గామె ఎవరు?”

“ఆమె పైపొరల ఉన్నది సార్,” అంది లీలాబాయి. “ఆమె కోసమే గిదంత చేపిచ్చిండు.”

మౌసు నొక్కింది. రాజలింగు పక్కన కోసేసిన చోటంతా నిండిపోయింది. ఆకుపచ్చ చీర, తలమీద కొంగు, ముందుకు చాచిన మెడ, వంచీ వంచని ముఖం. జలపాతపు తెల్లదనం ఆ లేత గడ్డం కింద కూడా పాకి ఉంది. పద్దెనిమిది దాటని పిల్ల. దామోదర్‌రావుకు ఆనవాలు తెలియలేదు. సరళాదేవికి తెలిసింది, మెడ చాచి చూసే ఆ తీరు ముసలితనంలో కూడా మారదు.

ఆమెది పాత పెండ్లి ఫొటో ఇచ్చాడని లీలాబాయి చెబుతోంది. అది నలుపు తెలుపుది కనుక చీర రంగు తనకు తెలియలేదు. నీళ్ల పక్కన బాగుంటుందని ఆకుపచ్చ వేసింది. పాలధార చూపించమని ఆమె ఎప్పటినుంచో అడుగుతోందట, షిఫ్టులు తెమలలేదట.

“ముందుగాల ఫొటోల తీస్కపోత, తర్వాత బస్సుల తీస్కపోత అన్నడు తాయీ.”

రాజలింగు వెంట పాలధార దగ్గర నిలబడ్డ పరాయి ఆడమనిషి అతని భార్య దుర్గవ్వ.